చెక్క సుత్తి పడే వేళకు గదిలో ఎవరున్నారు?

2023 డిసెంబర్ 13, దుబాయ్. కాప్28 వాతావరణ సదస్సు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబర్ ముసాయిదా తీర్మానాన్ని సభ ముందుంచి, అభ్యంతరాలేవీ కనబడడం లేదంటూ చెక్క సుత్తితో బల్ల మీద ఒక్క దెబ్బ వేశారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. బొగ్గు, చమురు, గ్యాస్‌ల నుంచి క్రమంగా దూరం జరగాలని ఈ సదస్సుల తీర్మానంలో రాసుకోవడం అదే మొదటిసారి. కాసేపటికి సమోవా ప్రతినిధి ఆన్ రాస్ముసెన్ మైకు తీసుకున్నారు. 39 చిన్న ద్వీప దేశాల కూటమి తరఫున ఆమె చెప్పినదాని సారాంశం ఇది: మీరు తీర్మానం ఆమోదించేశారు, అప్పటికి మేమింకా గదిలోనే లేము. ఆమె మాట్లాడాక కూడా హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తీర్మానంలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. సముద్రం పెరిగితే ముందుగా మునిగేది వాళ్ళ నేల. మాది కాకినాడ వైపు. ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏటేటా ఎలా కోసుకుపోతోందో, ఇళ్ళు పోయినవాళ్ళు ఏం మాట్లాడతారో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అందుకే ఏటా నవంబర్ వస్తే ఈ సదస్సుల ముగింపు సమావేశాలు లైవ్ పెట్టుకుని కూర్చుంటాను. ఏళ్ళ తరబడి చూశాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తోంది.

ఈ సదస్సుల మీద జనం రెండు ఫిర్యాదులు చేస్తారు. నత్తనడక అని కొందరు, అన్యాయం అని కొందరు. మొదటివాళ్ళు ఇన్ని దేశాలెందుకు, పెద్ద కాలుష్య దేశాలు పదో పదిహేనో కూర్చుని తేల్చుకుంటే చాలదా అంటారు. రెండోవాళ్ళు అందరికీ మాట ఉండాలి, ఆలస్యమైతే అవనివ్వండి అంటారు. నా మట్టుకు ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలు. ఆ హాళ్ళలో వృథా అయ్యే ప్రతి గంట ఖరీదూ ఎక్కువగా కట్టేది చిన్న దేశాలే. కాబట్టి సమయం ఆదా చేసే సంస్కరణల్లో చాలావరకు న్యాయం చేసే సంస్కరణలు కూడా అవుతాయి. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవాలనే మాటను నేను ఒప్పుకోను.

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. 1992 నాటి వాతావరణ ఒప్పందంలో దాదాపు 200 దేశాలున్నాయి. ఏటా రెండు వారాలు పెద్ద సదస్సు, జూన్‌లో జర్మనీలోని బాన్ నగరంలో సన్నాహక సమావేశాలు. టీవీలో కనబడే పెద్ద హాల్లో అసలు బేరం జరగదు. అది చిన్న గదుల్లో జరుగుతుంది. డబ్బుకో గది, అడవులకో గది, నష్టపరిహారానికో గది, కార్బన్ మార్కెట్లకో గది. ప్రతి గదిలోనూ ఒక ముసాయిదా, అందులో ఒప్పుకోని ప్రతి ముక్క చుట్టూ చదరపు బ్రాకెట్లు. అక్కడ తేలనివాటి కోసం మరీ చిన్న బృందాలు, కారిడార్లలో గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకోవడాలు. ఒకే సమయంలో ఇలాంటివి చాలా నడుస్తాయి. అమెరికా, చైనా, యూరోపియన్ యూనియన్, మనదేశం ఒక్కో గదికి ఒక్కో నిపుణుణ్ణి పంపగలవు. ఐక్యరాజ్యసమితి నిధి నుంచి పేద దేశాలకు మామూలుగా ఒకరిద్దరు ప్రతినిధుల ఖర్చు వస్తుంది. ఆ ఇద్దరూ ఎన్ని గదుల్లో ఉండగలరు? అందుకే చిన్న దేశాలు కూటములుగా ఏర్పడి గదులు పంచుకుంటాయి. అక్కడ విన్నది మళ్ళీ తమవాళ్ళకి చెప్పి, అందరి మాటా కలిపి, తిరిగి రావాలి. దుబాయ్‌లో ఆ ద్వీప దేశాలు గది బయట చేస్తున్నది సరిగ్గా ఇదే పని.

దీనికి భాష తోడవుతుంది. ఆరు భాషల్లో అనువాదం పెద్ద సభలకే ఉంటుంది. చిన్న గదుల్లో అంతా ఇంగ్లీషే. ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశం నుంచి వచ్చిన మనిషి, రాత్రి రెండు గంటలకు, పరాయి భాషలో, నలభై బ్రాకెట్లున్న పేరా మీద బేరమాడాలి. ఇంగ్లీషు బడిలో నేర్చుకుని పెరిగిన మనకి ఆ కష్టం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

సమయం విషయానికొస్తే, శుక్రవారం సాయంత్రం ముగియాల్సిన సదస్సు ముగియదు. అదొక ఆనవాయితీ అయిపోయింది. 2019లో మాడ్రిడ్ సదస్సు ఆదివారం మధ్యాహ్నం దాకా సాగింది. 2024లో బాకు సదస్సు ఆదివారం తెల్లవారుజామున ముగిసింది. పొడిగిస్తే ఏమైందిలే, పని అయితే చాలు అనిపించవచ్చు. ఈ ఆలస్యం ఎవరికి అనుకూలమో 2024లోనే కొలంబియాలో కళ్ళకు కట్టినట్టు తెలిసింది. జీవవైవిధ్య ఒప్పందం సదస్సు కాలి నగరంలో జరిగింది. శుక్రవారం ముగియాల్సింది, శనివారం ఉదయం దాకా నడిచింది. నిధుల గురించి తేల్చే సమయానికి చూస్తే గదిలో కోరం లేదు. విమానం టికెట్లు మార్చుకునే డబ్బు, ఇంకో రాత్రి హోటల్ ఖర్చు లేని దేశాలవాళ్ళు అప్పటికే ఎయిర్‌పోర్టు దారి పట్టారు. అధ్యక్షురాలు సుసానా ముహమద్ సభను వాయిదా వేయాల్సి వచ్చింది. మిగిలిన పని 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో జరిగింది. నిధుల చర్చ ఎవరి కోసమో వాళ్ళే లేకుండా ఆ చర్చ మొదలైంది చూడండి! అదే జీవవైవిధ్య సదస్సు 2012 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో జరిగింది. అప్పుడూ ముడి డబ్బు దగ్గరే పడింది. 2015 కల్లా వర్ధమాన దేశాలకు వెళ్ళే జీవవైవిధ్య నిధుల్ని రెట్టింపు చేయాలని చివరికి రాసుకున్నారు. ఊరు మారినా ఆ చివరి రాత్రి తంతు మారలేదు.

ఆఖర్న ఇంత హడావిడి ఎందుకు పడుతోంది? మొదట్లో కాలం కరిగించేస్తారు కాబట్టి. దీని గురించి మన పత్రికల్లో రాయడం తక్కువ. 2013 జూన్‌లో బాన్ సమావేశాల్లో రష్యా, ఉక్రెయిన్, బెలారస్ ఎజెండా మీద అభ్యంతరం పెట్టాయి. అమలు వ్యవహారాలు చూసే విభాగం రెండు వారాల పాటు పనే మొదలెట్టలేకపోయింది. అంతకు ముందు ఏడాది దోహాలో అధ్యక్షుడు తమ అభ్యంతరాన్ని పట్టించుకోకుండా తీర్మానాలు ఆమోదించేశారన్నది రష్యా కోపం. 2023 జూన్‌లో అదే బాన్‌లో ఎజెండా అధికారికంగా ఖాయమైంది సమావేశాలు ముగియడానికి ఒక్క రోజు ముందు. 2025లోనూ రెండో రోజు సాయంత్రం దాకా ఎజెండా గొడవే. వేల మంది, విమానాలెక్కి, ప్రయాణానికి నిధులు అడిగి పేద దేశాల నుంచి వచ్చినవాళ్ళు, ఏం మాట్లాడాలో తేలక కూర్చున్నారు. నాకు దీనికన్నా బాధ కలిగించేది లేదు. 2025 నవంబర్‌లో బెలెం సదస్సు అధ్యక్షుడు బ్రెజిల్ దౌత్యవేత్త ఆండ్రె కొహెయా దు లాగు మాత్రం తెలివైన పని చేశారు. గొడవ రేపే నాలుగు అంశాల్ని ఎజెండాలోంచి పక్కకు తీసి, అధ్యక్షుడి సంప్రదింపుల్లో మాట్లాడదామని ముందే ఒప్పించి, మొదటి రోజే పని ప్రారంభించారు. ఇది ఒక అధ్యక్షుడి నేర్పు మీద ఆధారపడకూడదు. నియమం కావాలి. కొత్త ఎజెండా అంశాల మీద తగువు సదస్సుకు నెల ముందే ఆన్‌లైన్‌లో తేలాలి, తేలకపోతే పాత ఎజెండాతోనే మొదటి రోజు పని మొదలవ్వాలి.

ఇప్పుడు అసలు మూలానికి వద్దాం. ఈ సదస్సులకు ఓటింగ్ నియమం లేదు. 1995లో బెర్లిన్‌లో మొదటి సదస్సు జరిగినప్పుడు కార్యనిర్వహణ నియమావళి ముసాయిదా సిద్ధమైంది. అందులో 42వ నియమం ఓటింగ్ గురించి. దాని మీద ఒప్పందం కుదరలేదు. చమురు ఎగుమతి చేసే దేశాలకు ఓటు ఇష్టం లేదు. నిధుల విషయంలో పేద దేశాలు మెజారిటీతో తమ మీద పడతాయని సంపన్న దేశాలకు భయం. అప్పటి నుంచి ఇప్పటి దాకా, 30 ఏళ్ళుగా, ప్రతి సదస్సు మొదట్లోనూ 42వ నియమం తప్ప మిగతా ముసాయిదా నియమాల్ని వర్తింపజేద్దామని అనుకుని పని మొదలెడతారు. నియమావళి ఈనాటికీ ఆమోదం పొందలేదు. కోట్లమంది బతుకుల్ని తేల్చే సభ, సొంత నియమాలు లేకుండా నడుస్తోంది.

ఓటు లేకపోతే మిగిలేది ఏకాభిప్రాయం. వినడానికి బాగుంటుంది, అందరి మాటా చెల్లుతుందనిపిస్తుంది. ఆచరణలో ఏకాభిప్రాయం ఉందో లేదో నిర్ణయించేది సుత్తి పట్టుకున్న ఒక్క మనిషి. 2009 కోపెన్‌హాగెన్‌లో వెనిజులా, బొలీవియా, సూడాన్, తువాలు వంటి కొన్ని దేశాలు అడ్డం తిరిగాయి. ఒప్పందాన్ని ఆమోదించలేక ‘గమనంలోకి తీసుకున్నాం’ అని రాసుకుని లేచిపోయారు. మరుసటి ఏడాది కాన్‌కూన్‌లో బొలీవియా ఒంటరిగా గట్టిగా వద్దంది. అధ్యక్షురాలు పాట్రీషియా ఎస్పినోసా ఏకాభిప్రాయమంటే ఏకగ్రీవం అని అర్థం కాదని చెప్పి తీర్మానం ఆమోదించేశారు. 2012లో దోహాలో రష్యా మాట అలాగే పక్కకు పోయింది. ఒకచోట కొన్ని దేశాలు ఆపగలిగాయి, ఇంకోచోట ఒక దేశం ఆపలేకపోయింది. ఎన్ని దేశాలు వద్దంటే తీర్మానం ఆగుతుంది? ఏ కాగితంలోనూ సమాధానం లేదు. బొలీవియా మాటను తోసేసినట్టు అమెరికా మాటను తోసేసే అధ్యక్షుడు ఉంటాడా? నేను నమ్మను. కాబట్టి ఈ ఏకాభిప్రాయం అందరికీ సమానంగా వీటో ఇవ్వడం లేదు. బలమున్నవాడికి వీటో ఇస్తోంది, బలం లేనివాడికి మైకు ఇస్తోంది, అది కూడా పని అయిపోయాక.

మనదేశం ఈ వ్యవహారంలో రెండు వైపులా నిలబడింది. 2021 గ్లాస్గోలో ముసాయిదాలో బొగ్గును దశలవారీగా తొలగించాలని ఉంది. ఆఖరి సభలో మన మంత్రి భూపేంద్ర యాదవ్ లేచి, తొలగించడం బదులు తగ్గించడం అని మార్చమన్నారు. మార్చారు. చమురు, గ్యాస్ వాడే సంపన్న దేశాల్ని ఏమీ అనకుండా బొగ్గునొక్కదాన్నే ఎందుకు వేలెత్తి చూపుతారన్న మన అభ్యంతరం న్యాయమైనదే, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ ఆ మార్పు జరిగిన తీరు న్యాయం కాదు. స్విట్జర్లాండ్, మెక్సికో, ఫిజీ అక్కడికక్కడే ఆ పద్ధతిని తప్పుబట్టాయి. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ క్షమాపణ చెబుతూ కన్నీళ్ళ పాలయ్యారు. మూడేళ్ళు తిరిగేసరికి బాకులో కథ అటుదిటైంది. 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్ల సాయమనే తీర్మానం మీద ముందుగా మాట్లాడతామని భారత్ అడిగింది. అవకాశం రాకుండానే సుత్తి దెబ్బ పడింది. ఆ తర్వాతే మన ప్రతినిధి చాందినీ రైనా మాట్లాడగలిగారు. ఆ మొత్తం కంటికి భ్రమ కలిగించేదే తప్ప మరేమీ కాదని, ఆమోదించిన తీరు తమను తీవ్రంగా బాధించిందని ఆవిడ సూటిగా చెప్పారు. 140 కోట్ల జనం ఉన్న దేశానికే ఆ గతి పడితే, పదివేల మంది ఉన్న తువాలు గురించి చెప్పేదేముంది? గ్లాస్గోలో మనకు పనికొచ్చిన ఆఖరి నిమిషపు పద్ధతే బాకులో మనల్ని దెబ్బ కొట్టింది.

మార్గం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ప్రోటోకాల్ 1987 నాటిది. ప్రపంచంలోని దేశాలన్నీ అందులో ఉన్నాయి. నియంత్రణ లక్ష్యాల్ని సర్దుబాటు చేసేటప్పుడు ముందు ఏకాభిప్రాయం కోసం ప్రయత్నించాలి. కుదరకపోతే ఓటు. హాజరై ఓటేసిన దేశాల్లో మూడింట రెండొంతులు కావాలి. అది చాలదు, వర్ధమాన దేశాల్లో విడిగా సగం దాటాలి, సంపన్న దేశాల్లో విడిగా సగం దాటాలి. 1990 లండన్ సవరణలతో వచ్చిన ఈ రెండు తాళాల పద్ధతిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. పేద దేశాలు లెక్కలో ఎక్కువున్నాయి కదా అని సంపన్న దేశాల జేబులో చెయ్యి పెట్టలేవు. సంపన్న దేశాలు డబ్బుంది కదా అని పేద దేశాల మీద రుద్దలేవు. ఒకటో రెండో దేశాలు మొత్తాన్ని బందీ చేయలేవు. ఆ ప్రోటోకాల్ నిధిని నడిపే కమిటీలో కూడా అటు ఏడుగురు, ఇటు ఏడుగురు.

మామూలుగా వాళ్ళు ఓటు దాకా వెళ్ళరు, మాటలతోనే తేల్చుకుంటారు. ఓటు ఉందని తెలిసినప్పుడు మొండికేసి కూర్చోవడం వల్ల లాభం లేదు, బేరం చేసుకోవడమే మేలు. 2016 అక్టోబర్‌లో రువాండా రాజధాని కిగాలిలో, ఏసీలు, ఫ్రిజ్‌లలో వాడే హెచ్ఎఫ్‌సీ వాయువుల మీద కుదిరిన సవరణ అలా ఏకాభిప్రాయంతోనే వచ్చింది. అక్కడ భారత్‌కు నష్టమేమీ జరగలేదు. మనకు, పాకిస్తాన్, ఇరాన్, గల్ఫ్ దేశాలకు ఆలస్యంగా మొదలయ్యే షెడ్యూలు ఇచ్చారు, మన వాడకానికి పరిమితి 2028 నుంచి. ఏసీలు, ఫ్రిజ్‌లు ఇప్పుడిప్పుడే కొనుక్కుంటున్న దేశానికి కొంత వెసులుబాటు న్యాయమని మిగతావాళ్ళు ఒప్పుకున్నారు.

ఓటు ఉంటే అంతా బాగుపడుతుందని నేను అనను. నౌకల కాలుష్యం మీద అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో ఓటింగ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో 63 దేశాలు అనుకూలంగా, 16 వ్యతిరేకంగా ఓటేసి, ఆ కాలుష్యాన్ని తగ్గించే నియమాల చట్రానికి ఆమోదం తెలిపాయి. అక్టోబర్‌లో తుది ఆమోదానికి వచ్చేసరికి, అమెరికా తీవ్రంగా ఒత్తిడి చేశాక, 57–49 ఓట్లతో ఏడాది పాటు వాయిదా వేశారు. ఓటు కూడా ఒత్తిడికి లొంగుతుంది. అయినా ఒక తేడా ఉంది. ఎవరు ఎటు ఓటేశారో లోకానికి తెలిసింది. ఆ దేశాల పౌరులు తమ ప్రభుత్వాల్ని నిలదీయగలరు. బెలెంలో శిలాజ ఇంధనాల నుంచి బయటపడే రోడ్‌మ్యాప్ కావాలని 80కి పైగా దేశాలు అడిగాయి, చివరి తీర్మానంలో ఆ మాటే లేదు. ఎవరెవరు ఎంత గట్టిగా అడ్డుకున్నారో అధికారిక రికార్డులో దొరకదు. ప్లాస్టిక్ ఒప్పందం చర్చలు 2025 ఆగస్టులో జెనీవాలో ఒప్పందం లేకుండా ముగియడం వెనకా ఇదే ఏకాభిప్రాయపు చిక్కు ఉంది.

ఓటు పెడితే అమెరికా వెళ్ళిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఏకాభిప్రాయం అమెరికాను ఆపిందా? పారిస్ ఒప్పందం అందరి సమ్మతితో కుదిరింది. అయినా అమెరికా అందులోంచి 2020లో ఒకసారి వెళ్ళింది, 2021లో తిరిగొచ్చింది, 2025 జనవరిలో మళ్ళీ వెళ్ళిపోతున్నానంది. ఉండదలచుకోని దేశాన్ని ఏ నియమమూ కట్టేయలేదు. ఉన్నవాళ్ళు పని చేసుకునే వీలు కల్పించడమే నియమాల పని.

ఓటు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా అధ్యక్షులు తమంతట తాము చేయగలిగినవి ఉన్నాయి. తీర్మానం పాఠం ముందురోజే అందరికీ చేరాలని ముసాయిదా నియమాల్లోనే ఉంది. అధ్యక్షుడు దాన్ని సడలించే వీలు కూడా ఉంది, ఆ సడలింపే ఇప్పుడు అలవాటైపోయింది. దాన్ని మానుకోవాలి. సుత్తి ఎత్తే ముందు ప్రతి కూటమి ప్రతినిధినీ పేరుపెట్టి పిలిచి, ఉన్నారా, చదివారా, సిద్ధమేనా అని అడగాలి. దానికి పట్టేది పది నిమిషాలు. దుబాయ్‌లో ఆ పది నిమిషాలు వెచ్చించి ఉంటే సమోవా ప్రతినిధి ఆ మాట అనాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఒకేసారి నడిచే గదుల సంఖ్యకు, అతి చిన్న బృందం ఎన్ని గదుల్లో కూర్చోగలదో ఆ సంఖ్యకు పొంతన ఉండాలి. అలా చేస్తే ఎజెండా తగ్గించక తప్పదు. తగ్గించండి. ఏళ్ళ తరబడి ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటూ మోస్తున్న అంశాలు చాలా ఉన్నాయి. శుక్రవారం తేలనిది శుక్రవారం ఆగిపోవాలి, చిన్న దేశాలకు ఖర్చులిచ్చి మళ్ళీ పిలవాలి. రోమ్‌లో జీవవైవిధ్య సదస్సు అలాగే పూర్తయింది, కొంపలేం మునిగిపోలేదు.

హాజరు గురించి కూడా ఒక మాట. దుబాయ్‌కి వెళ్ళినవాళ్ళు 80 వేలు దాటారు. 2025లో బెలెంలో హోటల్ గదులు చాలక, ధరలు ఆకాశానికి ఎక్కితే, విహార నౌకల్ని తెచ్చి రేవులో కట్టి అందులో జనాన్ని ఉంచారు. ప్రదర్శనలు, కంపెనీల పెవిలియన్లు, ఫోటోల కోసం వచ్చేవాళ్ళు వేరే చోట వేరే తేదీల్లో కలుసుకోవచ్చు. బేరమాడే మనిషికి మంచం దొరకని సదస్సు ఎవరి కోసం? బాధితుల తరఫున నిలబడే పౌర సంఘాల్ని, ఆదివాసీ ప్రతినిధుల్ని మాత్రం లోపలే ఉంచాలి.

ఇక మన ప్రభుత్వం సంగతి. ఓటింగ్ అంటే మనవాళ్ళు వెనకాడతారు. ఎందుకో నాకు అర్థమవుతుంది. పెద్ద దేశాలు చిన్న దేశాల్ని మన మీదికి ఎగదోసి బొగ్గు మీద ఓటు పెడితే ఎలా అన్నది ఆ భయం. సాదా మెజారిటీ గురించి అయితే ఆ భయం సబబే. రెండు తాళాలుంటే వర్ధమాన దేశాల్లో విడిగా సగం దాటాలి. ఆఫ్రికా, దక్షిణాసియా, లాటిన్ అమెరికా దేశాల్లో మన మాటకు అంతమాత్రం విలువ లేకపోతే, ఆ లోటును 42వ నియమం పూడ్చలేదు.

2011లో పపువా న్యూ గినీ, మెక్సికో కలిసి ఒక ప్రతిపాదన పెట్టాయి. మాటలతో తేలనప్పుడు ఆఖరి మార్గంగా నాలుగింట మూడొంతుల మెజారిటీతో ఓటింగ్ జరిగేలా ఒప్పందాన్నే సవరించాలని. ఏళ్ళ తరబడి ఎజెండాలో మోసుకొచ్చిన అంశాల్లో ఇదీ ఒకటి, ఇంతవరకు తేలలేదు. ఒప్పందంలోని 15వ అధికరణం ప్రకారం సవరణలకు మాత్రం ఓటింగ్ ఇప్పటికే ఉంది. ఏకాభిప్రాయానికి అన్ని ప్రయత్నాలూ అయ్యాక, హాజరై ఓటేసినవాళ్ళలో నాలుగింట మూడొంతులు సరేనంటే సవరణను ఆమోదించవచ్చు. అంటే, ఓటింగ్ పెట్టుకోవడానికి ఓటేసే దారి 1992లోనే రాసి ఉంది. ఆ ప్రతిపాదనకు మాంట్రియల్ తరహా రెండు తాళాలు చేర్చి, భారత్ తన పేరు మీద సభలో పెట్టాలి. ద్వీప దేశాల కూటమిని, అతి పేద దేశాల బృందాన్ని సహ ప్రతిపాదకులుగా ముందే పిలవాలి. బాకులో మనకు ఆ రాత్రి జరిగినదాన్ని మన అధికారులు మరిచిపోయి ఉండరు. ఆ కోపాన్ని ప్రసంగంగా వదిలేయకుండా ఒక సవరణగా రాసి, ఆరు నెలల ముందే అన్ని దేశాలకూ పంపాలి.